పైగదికి ముప్పావు అంగుళం పైపు

ఫిబ్రవరి 6

ఒరేయ్ చిన్నోడా,

ఎలా ఉన్నావని అడగను. అడిగితే "బాగానే ఉన్నాను, నీటిమట్టం పద్నాలుగు అడుగులు" అని రాస్తావు. పదహారేళ్ళుగా ఆ కొండమీది పంపుహౌసు నుంచి నువ్వు రాసిన ప్రతి ఉత్తరంలోనూ నీ సంగతి అరముక్క, రిజర్వాయరు సంగతి రెండు పేజీలు. ఈసారి నా మాట విను.

మేడమీద గది లేచింది. గోడలయ్యాయి, పైకప్పయింది, రెండు కిటికీలు పెట్టించాను, పక్కనే స్నానాలగది. ఎవరికని వీధిలో అందరూ అడుగుతున్నారు. మా తమ్ముడికని చెప్పేశాను. చెప్పేశాను కాబట్టి నువ్వు రాకపోతే నా పరువు పోతుంది. మే నెలాఖరుకి నీ ఉద్యోగం అయిపోతుంది కదా. ఆ తర్వాత కొత్త పంపు వేరేచోట పెడతారనీ, పాతదాన్ని వారానికోసారి తిప్పుతూ కాపలాగా ఇంకో ఐదేళ్ళు ఉండమని నీకు ఏదో కాగితం ఇచ్చారనీ మీకు క్లోరిన్ తెచ్చే లారీ డ్రైవరు చెప్పాడు. ఆ కాగితం మీద సంతకం పెట్టావో, నీకు అక్క లేదనుకో. పలకరించే దిక్కులేని చోట ఆ ముసలి పంపుకి కాపలా ఏమిట్రా? దాన్నెవడెత్తుకుపోతాడు?

ఇప్పుడు అసలు సంగతి. ప్లంబరు సోమవారం వస్తున్నాడు, పైగదికి ఏ సైజు పైపులు వెయ్యాలని అడుగుతున్నాడు. మనిషి మంచివాడే గానీ నేనేమంటే అదే అంటాడు. పన్నెండేళ్ళుగా నా దగ్గర ప్యాంట్లు కుట్టించుకుంటున్నాడు, ఒక్కసారి కూడా బిగుతైందని నోరు తెరవలేదు. అలాంటివాడి సలహా నాకెందుకు? ఊరంతటికీ నీళ్ళు తోడే తమ్ముడున్నాడు నాకు. నువ్వు రాయి, అదే వేయిస్తాను.

ఇంకొకటి. ఆఖరి రోజున వేసుకోవడానికి నీకు కోటు కుడతాను. నా పుస్తకంలో ఉన్న నీ కొలతలు పదహారేళ్ళ కిందటివి. కొత్తవి పంపు. ఊహించి రాయకు, కొలిచి రాయి.

మీ బావ నిన్ను అడిగానని చెప్పమన్నాడు. నా మిషనుకి నూనె వేస్తూ చెప్పాడు.

అక్క

ఫిబ్రవరి 13

అక్కకి,

నీటిమట్టం పదమూడున్నర అడుగులు.

నీ ఉత్తరం క్లోరిన్ లారీలో అందింది. ఫోనులో మాట్లాడొచ్చు కదా అని డ్రైవరు చేత అడిగించావు. ఇక్కడ ఫోను పలకదు. వైర్‌లెస్సు ఉంది గానీ అది ఆఫీసుకి నీటిమట్టం చెప్పడానికి తప్ప వాడకూడదు. లారీ వారానికోసారి వస్తుంది, కాబట్టి మనకి ఉత్తరాలే గతి.

కాగితం మీద సంతకానికి మే ఇరవై దాకా గడువుంది. నేను రాననడం లేదు. కానీ ముందే చెప్తున్నాను, కొండకింద పదిహేను, ఇక్కడ పదహారు, మొత్తం ముప్పై ఒక్క ఏళ్ళు ఒక ఊరికి నీళ్ళు ఎక్కించినవాణ్ణి. సన్నగా ఏడ్చే కుళాయి కింద స్నానం చేస్తూ మిగతా బతుకు గడపలేను. పైగదిలో పద్దెనిమిది లీటర్ల బకెట్టు ఒకటిన్నర నిమిషంలో నిండాలి. నిండితే వస్తాను. నిండకపోతే సంతకం పెడతాను. ఇందులో మొహమాటం లేదు.

పైపులు ఇలా. ట్యాంకు నుంచి దిగేది ఒక అంగుళం. దాన్నుంచి స్నానాలగదిలోకి ముప్పావు. అక్కణ్ణుంచి కుళాయికి అర. మలుపులు తక్కువ పెట్టించు. సైజు మాత్రం అటూ ఇటూ కాకూడదు.

నా కొలతలు. మెడ ఐదంగుళాలు. ఛాతీ పన్నెండు. నడుము పదకొండున్నర. మణికట్టు రెండుంబావు. ఇక్కడ టేపు లేదు, పంపు షాఫ్టు కొలిచే పరికరంతో కొలిచాను. దాంట్లో వెంట్రుకవాసి తేడా రాదు. ఒక్కణ్ణే కాబట్టి నడుము దగ్గర పట్టుకోవడం కాస్త కష్టమైంది. బిగుతుగానే కుట్టు, వదులు నాకు నచ్చదు.

తమ్ముడు

ఫిబ్రవరి 20

నాయనా,

నీ ఉత్తరం చదివి మిషను ఆపేశాను. స్కూలు యూనిఫారాలు గుట్టగా పడున్నాయి, ఉదయం నుంచి ఒక్క కుట్టు వెయ్యలేదు. మెడ ఐదంగుళాలా? ఎదురింట్లో నెలలబిడ్డ ఉంది. వెళ్ళి ఆ పిల్ల మెడ కొలిచి వచ్చాను, ఎనిమిదుంది. నడుము పదకొండున్నర అంటే నా పెద్ద కత్తెర పొడవు. అందులో పేగులు ఎక్కడ పెట్టుకున్నావురా? మణికట్టు రెండుంబావు ఉన్న చేత్తో కలం ఎలా పట్టుకున్నావు?

మొదట తప్పు రాశావేమో అనుకున్నాను. కానీ నీ సంగతి నాకు తెలుసు, కొలతలో పొరపాటు చేసే మనిషివి కాదు. డ్రైవర్ని నిలదీశాను. బాగానే ఉన్నారనీ, కొంచెం పొట్ట కూడా వచ్చిందనీ అన్నాడు. నువ్వే అలా చెప్పమని ఉంటావు. చిక్కి శల్యమై, అక్కకి తెలియకూడదని అక్కడ దాక్కున్నావు. రావడానికి ఎందుకు మెలికలు తిరుగుతున్నావో ఇప్పుడర్థమైంది.

తేనె రెండు సీసాలు, బాదంపప్పు, పాలపొడి డబ్బా పంపుతున్నాను. పాలపొడి పసిపిల్లలది, తేలిగ్గా అరుగుతుందని.

పైపుల దుకాణానికి నేనే వెళ్ళాను. ముప్పావు అంగుళం ఇవ్వమంటే ఒకటి తీసి ఇదే అన్నాడు. టేపు పెట్టి కొలిచాను. మూడంగుళాలు దాటింది. ఇదేమిటయ్యా అంటే, ముప్పావు అంటే ఇదేనమ్మా అని నాకు పాఠం చెప్పబోయాడు. ముప్పై ఏళ్ళుగా టేపు మెళ్ళో వేసుకు తిరుగుతున్నదాన్ని, నాకా చెప్పేది? అంగుళం పైపు చూపించమన్నాను. అది నాలుగు దాటింది. వెంట వచ్చిన ప్లంబరు పైకప్పు చూస్తూ నిలబడ్డాడు. ఏమీ తీసుకోకుండా వచ్చేశాను.

ఏం చెయ్యమంటావో రాయి. ముందు తిను, తర్వాత రాయి.

అక్క

ఫిబ్రవరి 27

అక్కకి,

నీటిమట్టం పదమూడు. తేనె అందింది, ఎందుకు పంపావో అర్థం కాలేదు. పాలపొడి డ్రైవరుకిచ్చాను, వాళ్ళింట్లో చంటిపిల్ల ఉందట. నాకు ఏ జబ్బూ లేదు. ఈ వయసుకి ఎలా ఉండాలో అలాగే ఉన్నాను.

మూడంగుళాల పైపు ఒక వీధి మొత్తానికి నీళ్ళిస్తుంది అక్కా. అది నీ గోడలో పెడితే గోడ ఉండదు, పైపే ఉంటుంది. వాడు నీ చెవిలో పువ్వులు పెడుతున్నాడు. నీ దగ్గర టేపుంది, దాన్నే నమ్ము. ముప్పావు అంటే ముప్పావే. ఆ దుకాణంలో లేకపోతే ఇంకో దుకాణం, అక్కడా లేకపోతే మరో దుకాణం చూడు. ఎవరి మాటా వినకు, నోరు తెరవని ప్లంబరు మాట అసలు వినకు.

గోడలో పూడ్చేముందు తెలిసినవాళ్ళెవరికైనా చూపించాలా అని నీకు అనుమానం రావచ్చు. అక్కర్లేదు. నేనున్నాను.

తమ్ముడు

మార్చి 13

ఒరేయ్,

దొరికింది. ఏడు దుకాణాలు తిరిగాక దొరికింది. చెప్తే నమ్మవు, రంగుచేపలు అమ్మే దుకాణంలో. గాజుతొట్టెలోకి గాలి పంపే గొట్టాలట. టేపు చుట్టి చూశాను, సరిగ్గా ముప్పావు, గీతకి గీత కలిసింది. అంగుళానిదీ అరంగుళానిదీ కూడా అక్కడే ఉన్నాయి. నా కళ్ళవెంట నీళ్ళొచ్చినంత పనైంది. మీ ఇంట్లో ఎన్ని చేపలున్నాయమ్మా అని అడిగాడు. చేపలు కాదు నాయనా, మా తమ్ముడు అన్నాను.

గొట్టం చేతిలో పెడితే ప్లంబరు చాలాసేపు దాన్నే చూశాడు. నోరు తెరిచాడు, మళ్ళీ మూసుకున్నాడు. నువ్వు చెప్పినట్టే ఆ నోరు తెరవనివ్వలేదు. గోడలో పెట్టాడు, పైన సిమెంటు పూశాడు, అయిపోయింది. అంత సన్నటి గాడిలో అంత పొందిగ్గా పైపు పట్టడం నేనెక్కడా చూడలేదు.

ఇక బకెట్టు. ఉదయం పదింటికి కుళాయి కింద పెట్టి కిందికొచ్చాను. రెండు చొక్కాలకి కాలరు పెట్టాను. వెళ్ళి చూస్తే అడుగు తడిసింది. బ్యాంకు మేనేజరు ప్యాంటు నడుము విప్పి రెండంగుళాలు వదిలాను, పాపం ఆయన ఏటా వస్తాడు. వెళ్ళి చూస్తే జానెడు. భోంచేశాం. రెండింటికి నిండింది. ఒకటిన్నర అని రాశావు, నిమిషాలనా గంటలనా, నాకేదో అనుమానంగా ఉంది. గంటలైనా సరిపోలేదనుకో.

నీ కోటు ఈ లారీలోనే పంపుతున్నాను. దిండు గలీబుకి సరిపడా గుడ్డ కూడా పట్టలేదు. మెడ దగ్గర గుండీ పెడుతూ ఏడ్చాను. మీ బావ ఆ కోటు చేతిలోకి తీసుకుని, చూసి, బల్లమీద పెట్టేసి బయటికెళ్ళి వీధిలో నిలబడ్డాడు. నువ్వు ఎలా ఉన్నా సరే, నాకు నువ్వు కావాలి. ఈ స్థితిలో ఆ కొండమీద ఉండటానికి వీల్లేదు.

అక్క

మార్చి 20

అక్కకి,

నీటిమట్టం పన్నెండుంబావు.

కోటు అందింది. మొదట నమూనా అనుకున్నాను. తర్వాత బొమ్మదేమో పొరపాటున పెట్టావనుకున్నాను. లోపల నా పేరు కుట్టి ఉంది. నాకు ఒక చెయ్యి మోచేతిదాకా కూడా దూరలేదు. టీ ఫ్లాస్కుకి తొడిగితే గుండీలన్నీ పట్టాయి. ఇప్పుడు టీ సాయంత్రం దాకా వేడిగా ఉంటోంది, అది వేరే సంగతి.

ఇది హాస్యమైతే నాకు అర్థం కాలేదు. ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగానికి మీరు పెట్టిన విలువ ఇంతే అయితే అదీ సరే. నేను రావడం మీకు భారమైతే నేరుగా రాయొచ్చు. పసిపిల్లల పాలు, బొమ్మ కోటు, ఇవన్నీ దేనికి?

బకెట్టుకి నాలుగు గంటలు పట్టిందన్నావు. ముప్పావు అంగుళం పైపులో అది జరగని పని. నేను రాత్రింబగళ్ళు లెక్కలు కట్టాను, ఎటు చూసినా ఒకటే తప్పు కనిపిస్తోంది. మీ ట్యాంకు ఎత్తు చాలదు. ఆరడుగులు లేపించు. అప్పటికీ రాకపోతే నా నిర్ణయం నేను తీసుకుంటాను. అరవై రోజులుంది.

తమ్ముడు

ఏప్రిల్ 3

చిన్నోడా,

హాస్యమా? నువ్వు రాసిన కొలతకి వెంట్రుకవాసి తేడా లేకుండా కుట్టాను. ఆ కోటులో ఒక చెయ్యి కూడా పట్టలేదని అబద్ధం ఎందుకురా? జబ్బు మనిషికి కోపం ఎక్కువని డాక్టరుగారు చెప్పారు, అందుకని నేనేమీ అనుకోలేదు. అనుకున్నాను గానీ రాయను.

ట్యాంకు లేపించాను. ఇటుకల స్తంభాలు నాలుగు, ఆరడుగులు. మేడ మీద మరో మేడ కట్టినట్టుంది. వీధంతా ముక్కు మీద వేలేసుకుంది. మూత సరిగ్గా పడిందో లేదో చూడ్డానికి మీ బావ ఎక్కాడు. ఎక్కడం ఎక్కాడు గానీ కిందికి చూసి దిగనన్నాడు. మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నాడు. భోజనం బుట్టలో పెట్టి తాడుతో పంపాం. ఆఖరికి ప్లంబరు పైకెక్కి, కళ్ళు మూసుకోమని చెప్పి, ఒక్కో కాలూ పట్టుకుని మెట్టు మీద పెట్టి దింపాడు. ఆ మనిషి గొంతు నేను వినడం అదే మొదలు.

బకెట్టు నాలుగు గంటల నుంచి రెండున్నర గంటలకి దిగింది. అప్పుడు నేను ఆలోచించాను. ఒంటిపోగు ఆగకపోతే ఏం చేస్తాం? జంటపోగు వేస్తాం. అందుకని గొట్టం ఒక్కటి కాకుండా పదహారు తెచ్చాను. అన్నీ కలిపి జడలాగ అల్లి, గోడ బయట నుంచి దింపాం. అల్లడం నేనే అల్లాను, ప్లంబరు పాయలు పట్టుకున్నాడు. చేపల దుకాణంవాడు ఇప్పుడు నేను కనిపిస్తే చేపలు కులాసానా అని అడుగుతున్నాడు. బకెట్టు పదకొండు నిమిషాలకి వచ్చింది. నువ్వు చెప్పిన సైజు, ఒక్కోటీ కొలిచే వేశాను. ఇంకా ఏమిటి లోపం?

వచ్చే లారీలో మీ బావని పంపుతున్నాను. నేనే వచ్చేదాన్ని, ఆ కొండదారి మలుపులకి నా కడుపు నిలవదు. జేబులో టేపు పెట్టి పంపుతున్నాను. నీ ఎదురుగా నిలబడి కొలిచి నిజం నాకు చెప్తాడు. గొట్టం ముక్క కూడా ఇచ్చి పంపుతున్నాను, నీ పరికరంతో నువ్వే చూసుకో.

అక్క

ఏప్రిల్ 17

అక్కా,

నీటిమట్టం తర్వాత రాస్తాను.

బావ వచ్చాడు. లారీ దిగి నన్ను చూసి అక్కడే ఆగిపోయాడు. తర్వాత దగ్గరికొచ్చి, డ్రైవరు చూస్తుండగా నా నడుముకి టేపు చుట్టాడు. ముప్పై ఆరు. మళ్ళీ చుట్టాడు. మళ్ళీ ముప్పై ఆరే. ఎలా కొలుచుకున్నావని అడిగాడు. పరికరం తెచ్చి చూపించాను. దానికి రెండు దవడలుంటాయి, ఇటు నుంచి ఒకటి, అటు నుంచి ఒకటి పట్టుకుంటాయి, మధ్య దూరం చెప్తాయి. అలా పట్టుకుంటే నా నడుము ఇప్పటికీ పదకొండున్నరే. అప్పుడు బావ జేబులోంచి గొట్టం ముక్క తీసి నా చేతిలో పెట్టి, మేడమీద గోడలో ఉన్నది ఇదే అన్నాడు. ఇద్దరం పంపుహౌసు మెట్ల మీద కూర్చున్నాం. డ్రైవరు క్లోరిన్ దించడం అయిపోయేదాకా ఎవరమూ లేవలేదు.

అక్కా, నువ్వు పైపుని నడుములా కొలిచావు. నేను నడుముని పైపులా కొలిచాను.

పైపు సైజు అంటే చుట్టుకొలత కాదు. లోపలి రంధ్రం ఈ అంచు నుంచి ఆ అంచుకి ఎంత దూరం అన్నది. మొదటి రోజున ఆ దుకాణంవాడు చూపించిందే అసలు ముప్పావు. వాణ్ణి నమ్మొద్దని నేనే రాశాను. నీ జడ గురించి కూడా చెప్పాలి. పదహారు గొట్టాలు కలిపినా ఒక పెద్ద పైపుకి సాటి రావు. గొట్టం లోపలి గోడకి ఆనుకున్న నీరు నెమ్మదిగా పోతుంది, మధ్యలో ఉన్న నీరు పరిగెడుతుంది. సన్నగొట్టంలో మధ్య అంటూ ఉండదు, ఉన్నదంతా గోడకి రాసుకుంటూ ఈడ్చుకుంటూ పోవాల్సిందే.

ఇప్పుడు చెప్పేది కోప్పడకుండా చదువు. నా మాట మూలంగా గోడలు పూడ్చావు, ట్యాంకు లేపావు, బావ ఆకాశంలో భోంచేశాడు. ఇంత చేశాక ఏ మొహం పెట్టుకుని రాను? సంతకం పెట్టేస్తాను. నిజం కూడా రాస్తాను. నాకు భయంగా ఉంది. ఇక్కడ పంపు చప్పుడు కాస్త మారితే చేతిలో అన్నం వదిలి పరిగెడతాను. నేను పరిగెత్తకపోతే ఊరికి నీళ్ళుండవు. అక్కడ పొద్దున లేచి నేనెందుకు లేచినట్టు? మీ ఇంట్లో నేను ఎవరికి కావాలి?

బావ ఈ లారీలో రావడం లేదు. కావాలనే తప్పించుకున్నాడు. ఇక్కడ తనని ఎవరూ ఏమీ అడగడం లేదట, పంపు చప్పుడికి హాయిగా నిద్ర పడుతోందట. నన్ను ఏమీ అనకు.

తమ్ముడు

ఏప్రిల్ 24

ఒరేయ్,

ముందు నా మొగుణ్ణి పంపు. వచ్చే లారీలో ఆయన దిగకపోతే మలుపులైనా సరే, కడుపు చేతపట్టుకుని నేనే వస్తాను. అప్పుడు ఇద్దరికీ కొలతలు తీస్తాను.

గుండ్రంగా ఉన్నదాన్ని చుట్టూ కాక ఇంకెలా కొలుస్తారు? బ్యాంకు మేనేజరు నడుము ఎంతుందో తెలుసుకోవడానికి ఆయన్ని అడ్డంగా కోసి చూడనా? లోపల ఉన్న ఖాళీకి సైజు కట్టి, దాన్ని దుకాణంలో పెట్టి అమ్మే లోకాన్ని ఇప్పుడే చూస్తున్నాను. సరే, మీ వృత్తి మీది. నువ్వు ఎండుకుపోలేదని తెలిశాక ఆ రోజంతా యూనిఫారాలు తప్పుగా కుట్టాను, ఒక పిల్లాడి చొక్కాకి మూడు చేతులు పెట్టేశాను. అంత సంతోషం వేసింది. ఆ సంతోషం ఉత్తరం రెండో పేజీ చదివేదాకానే ఉంది.

సన్నగొట్టంలో నీళ్ళు గోడకి రాసుకుంటూ ఈడ్చుకుంటూ పోతాయని రాశావు. నీ ఉత్తరం నువ్వే మళ్ళీ చదువుకో. పదహారేళ్ళు ఆ కొండమీద నువ్వు చేసిందేమిటి?

ఎవరికి కావాలని అడిగావు. నాకు కావాలి. దీనికి కారణం రాయమంటే నాకు చేతకాదు. నువ్వు పంపు నడిపినా నడపకపోయినా, కూర్చుని తిని గోడకేసి చూస్తూ ఉన్నా, నాకు కావాలి. మా ఇంట్లో పనికిరావాలని నిన్నెవరూ అడగలేదు.

బకెట్టు ఒకటిన్నర నిమిషంలో నిండితే వస్తానని రాసిచ్చావు. ఆ ఉత్తరం నా దగ్గరుంది. గడువు మే ఇరవై. అంతలోపు నిండిస్తాను. నువ్వు ఊరికే కూర్చో, సలహాలివ్వకు.

అక్క

మే 15

చిన్నోడా,

పైగదిలో ఈ ఉదయం కుళాయి తిప్పాను. పద్దెనిమిది లీటర్ల బకెట్టు, ఒక నిమిషం ఇరవై రెండు సెకన్లు. మూడుసార్లు నింపాం, మూడుసార్లూ అంతే. ట్యాంకు దగ్గర అంగుళం, లోపలికి ముప్పావు, కుళాయికి అర, అన్నీ లోపలి కొలతలే. ఈసారి బిగించేముందు ప్లంబరుని అడిగాను, నువ్వేమంటావయ్యా అని. ఇదే సరైన సైజని మొదటి రోజు నుంచీ తనకి తెలుసన్నాడు. ఆ మాట నా మొహం మీద కొట్టినట్టు అనిపించింది.

ఈ ఉత్తరం కింద మీ బావ, ప్లంబరు సాక్షి సంతకాలు పెట్టారు. మీ బావ సంతకం వంకరగా ఉంది, కొండ దిగినప్పటి నుంచీ నిద్ర పట్టడం లేదట, చప్పుడు లేదని. మిషను ఎక్కువసేపు కుట్టమంటున్నాడు.

వేరే కాగితం మీద నువ్వు సంతకం పెట్టకు.

అక్క

మే 22

అక్కా,

గడువు దాటింది. సంతకం పెట్టలేదు. ఒకటో తారీఖున క్లోరిన్ లారీలో ముందు సీట్లో వస్తున్నాను. ఆఖరి రోజున చొక్కాతోనే నిలబడతాను, కోటు ఎక్కడని అడిగితే ఫ్లాస్కు చూపిస్తాను.

నీటిమట్టం చూసి రాయడం మర్చిపోయాను.

తమ్ముడు

జూన్ 9, పైగది

అక్కా,

ఒకే ఇంట్లో ఉండి ఉత్తరమేమిటని నవ్వకు. ఎదురుగా మొదలుపెడితే రెండో మాటకే అన్నం తిన్నావా అంటావు, నా మాట అక్కడితో ఆగిపోతుంది.

వచ్చి తొమ్మిది రోజులైంది. ఈ తొమ్మిది రోజులూ పొద్దున రెండుసార్లు, సాయంత్రం ఒకసారి బకెట్టు పట్టుకుని మెట్లెక్కి వస్తున్నావు. పైకుళాయి నీళ్ళలో సబ్బు బాగా నురగొస్తుందని చెప్పావు. ఒకే ట్యాంకు నీళ్ళకి పైన ఒక నురగ, కింద ఒక నురగ ఉండవు. ఇవాళ నువ్వు దారపురీళ్ళు తేవడానికి వెళ్ళినప్పుడు వంటింట్లో కుళాయి తిప్పాను. చుక్క చుక్కగా పడింది. సింకు కింద వంగి చూస్తే చేపలతొట్టి గొట్టం.

బావని అడిగాను. చెప్పనని నీకు ఒట్టు వేశాడట. నోటితో ఏమీ చెప్పకుండా వేలు కిందికి చూపించి, పైకి చూపించాడు. కింది పైపులు పీకించి పైన వేయించావు. నేను సరిగ్గా స్నానం చెయ్యడానికి నువ్వు నెలరోజులుగా గిన్నెలు చుక్కలతో కడుక్కుంటున్నావు.

ఆ ఒకటిన్నర నిమిషం నిజంగా షరతు కాదక్కా. రాకుండా ఉండటానికి దొరికిన సాకు. అది నువ్వు నిజమనుకుని ఇల్లంతా తవ్వేశావు. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

రేపు పైపులు తెస్తాను. వంటింటికి ముప్పావు, కుళాయికి అర. ఒక్కపూట పని. ఇక నువ్వు బకెట్టుతో మెట్లెక్కక్కర్లేదు.

తమ్ముడు

జూన్ 9, కింద, మిషను దగ్గర

ఒరేయ్ చిన్నోడా,

నీ చీటీ బావ తెచ్చిచ్చాడు. ఆయన్ని రేపటి నుంచి నమ్మను.

మే నెలలో ఊళ్ళో అంగుళం, ముప్పావు పైపులు ఎక్కడా లేవు. ఆ మొదటి దుకాణంవాడి దగ్గరికి వెళ్ళి, తప్పు నాదేనయ్యా అని కూడా చెప్పాను. చెప్పినా సరుకు జూన్‌లోనే అన్నాడు. నీ గడువు ఇరవై. నా ఇంట్లో గోడలో పైపులుండగా ఇంకో చోట వెతకడమెందుకని పీకించాను. ఇందులో నువ్వు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. సాకని నాకు ఫిబ్రవరిలోనే తెలుసు. తెలిసే తవ్వించాను, నీకు ఇంకో సాకు మిగలకూడదని.

బాగుచెయ్యి. నీళ్ళవాడివి, చుక్కలు చూస్తూ ఊరుకోమంటే ఊరుకోలేవు. కానీ ఒక సంగతి విను. బకెట్టుతో పైకొస్తే నువ్వు తలుపు తీసి అందుకుంటావు. అది నిండేదాకా పక్కన నిలబడతావు. మొదటి రోజున ఏమీ మాట్లాడలేదు. మూడో రోజున చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పావు. నిన్న నీళ్ళు పొర్లి నా కాళ్ళమీద పడేదాకా మాట్లాడావు. పదహారేళ్ళ మాటలున్నాయి నీ దగ్గర. ఊరికే వచ్చి ఎదురుగా కూర్చుంటే నీకూ నాకూ ఒక్క ముక్క పెగలదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

అందుకని పొద్దున నీళ్ళు కింద పట్టుకుంటాను. సాయంత్రం బకెట్టుకి మాత్రం పైకే వస్తాను. నా మోకాళ్ళ సంగతి నువ్వు చూడక్కర్లేదు. నీ స్నానాలగదిలోకి వచ్చే ముప్పావు తీసేసి అర వేసుకో, బకెట్టు నిండటానికి కాస్త ఎక్కువసేపు పట్టనీ.

అక్క